మట్టి తీసే ముందు

బుజ్జీ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోను చేసి చెప్పింది. చెన్నై వ్యాసర్పాడిలో మూతపడ్డ కర్మాగారం స్థలంలో పేదవాళ్లకు ఇళ్లు కడతారట, అక్కడి మట్టినీ నీటినీ పరీక్షించే పని నీ చేతికి వచ్చిందట. దేవుడి దగ్గర దీపం పెట్టాను. ఆ తరువాత తెల్లవారేదాకా నిద్ర పట్టలేదు.

స్థలం పాత పటాలు, కర్మాగారం అనుమతి పత్రాలు తెప్పించుకో. బోరు నీళ్లు వానలకు ముందొకసారి, ఈశాన్య రుతుపవనాలు వెనుదిరిగాక జనవరిలో ఒకసారి తీయించు. ప్రహరీ బయటి ఇళ్ల బోర్లనూ వదలకు. 2013లో అక్కడి తండయార్‌పేటలో భూమిలోని చమురు గొట్టం కారితే డీజిల్ వాసన వచ్చింది పక్క వీధుల ఇళ్ల నీళ్లలోనే కదా. గోతిలోకి ఒంటరిగా దిగకు. 2025 జూలైలో కేంద్రం కలుషిత స్థలాల కోసమే నియమాలు తెచ్చింది. నువ్వు చదివే ఉంటావు. మా రోజుల్లో అవీ లేవు.

ఇక అసలు సంగతి. ఇన్నేళ్లుగా మీ అమ్మకు కూడా చెప్పలేదు.

1999లో ఇలాంటి స్థలానికే వెళ్లాను. పాత బ్యాటరీలు పగలగొట్టి సీసం కరిగించిన చోటు. పన్నెండు చోట్ల మట్టి తీశాము. అన్నిటినీ విడివిడిగా పరీక్షిస్తే ఖర్చవుతుంది, కలిపి ఒక్కటే చేయండి అన్నారు పైవాళ్లు. నేను సరేనన్నాను. తెల్ల ఎనామిల్ పళ్లెంలో పన్నెండు పొట్లాలూ గుమ్మరించి నా చేత్తోనే కలిపాను. లెక్క నువ్వే చూడు: ఒక మూలలో కిలో మట్టికి 3000 మిల్లీగ్రాముల సీసం ఉండి, మిగిలిన పదకొండు చోట్ల 50 చొప్పున ఉంటే, కలిపినప్పుడు వచ్చేది 300 లోపే. అప్పట్లో మేము సరిచూసుకున్న అమెరికా హద్దు 400. (2024లో దాన్ని 200కు తగ్గించారు.) "హద్దులోనే ఉంది" అని రాసి సంతకం పెట్టాను.

వేపచెట్టు మూల నా కంట పడకపోలేదు. అక్కడ మట్టిలో నల్లటి పెంకులు, బ్యాటరీ డబ్బాల ముక్కలు, పరుచుకుని ఉన్నాయి. ఒకటి తీసి వేళ్ల మధ్య తిప్పి చూసి, అవతల పారేసి, పొట్లం కట్టాను. ఇళ్లు లేచాక పిల్లలు గోలీలాటకు గుంటలు తవ్వుకున్నది ఆ చెట్టు నీడలోనే. మూడేళ్లకు ఒక పిల్లవాడు కడుపునొప్పితో ఆసుపత్రికి వెళితే రక్తంలో సీసం బయటపడింది. అప్పుడు ఆ మూల మట్టిని విడిగా పరీక్షించారు. ఆ అంకె నేను చెప్పను.

అందుకే ఏ మూల మట్టి ఆ మూలదే. కలపకు. కలపమన్నవాళ్లతో పోట్లాడు, ఉద్యోగం పోతే మా ఇంటికి రా. సీసం చాలావరకు పైపొరలోనే నిలిచిపోతుంది, పిల్లల వేళ్లు తగిలేది ఆ పొరకే. పై రెండంగుళాలూ వేరుగా తీయి. ఈ మధ్య ఎర్రమట్టి తోలి చదును చేశారేమో చూసుకో. అలా చేసి ఉంటే దాని కింద పాత నేల తగిలేదాకా తవ్వించు. పొట్లం కట్టే ముందు అక్కడ పనిచేసినవాళ్లతో, కాపలా ఉన్నవాళ్లతో కూర్చో. కొలిమి ఎక్కడుండేది, బూడిద ఎక్కడ పోసేవాళ్లు అని అడుగు. ఆ రోజు నేనొక్కరినీ అడగలేదు. ఫలితాలు వచ్చాక ఆ వీధిలోనే నిలబడి తమిళంలో, తెలుగువాళ్ల ఇళ్ల దగ్గర తెలుగులో చదివి వినిపించు. ఆంగ్ల నివేదిక వాళ్ల గడప దాటి లోపలికి రాదు.

ఇంకొకటి. ఆ రోజు సాయంత్రం నేను మీ ఇంటికి వచ్చాను. నీకు రెండేళ్లు. పరుగెత్తుకొచ్చి నా చీర కుచ్చిళ్లలో ముఖం దాచుకున్నావు. అదే చీరతో స్థలమంతా తిరిగి వచ్చాను, అదే చీరతో నిన్నెత్తుకుని అన్నం తినిపించాను. నీకేమీ కాలేదు, తెలుసు. అయినా ఆ పిల్లవాడి సంగతి తెలిసిన రోజు నాకు మొదట గుర్తుకొచ్చింది నీ ముఖమే.

రెండు నూలు చుడీదార్లు కుట్టించి పంపుతున్నాను. పనికి అవే వేసుకో. చెప్పులు గుమ్మం బయటే వదులు. స్నానం చేసి బట్టలు మార్చుకునేదాకా బాబు ఎంత ఏడ్చినా ఎత్తుకోకు. వాడి బట్టలతో కలిపి వీటిని ఉతకకు.

మీ పెద్దమ్మ