రాత్రిపూట ల్యాబ్ రిపోర్టు తేడాగా వస్తే డాక్టరుకు ఎప్పుడు, ఎలా చెప్పాలి?

వృద్ధులు ఉండే నర్సింగ్ హోమ్‌లో కొత్తగా చేరానని, రాత్రి డ్యూటీలో రిపోర్టు తేడాగా వస్తే డాక్టర్ని లేపాలో, తెల్లారేదాకా ఆగాలో తెలియక టెన్షన్ పడుతున్నానని రాశారు. నేను చాలా ఏళ్లుగా ఇలాంటి చోటే నర్సుగా చేస్తున్నాను. నేను చూసినంతలో డాక్టర్లు విసుక్కునేది ఫోన్ చేసినందుకు కాదు, అంకె ఒక్కటే చెప్పి ఊరుకున్నందుకు. ఇక్కడ డాక్టరు పక్క వార్డులో ఉండరు. మనిషి ఎలా ఉన్నారో మనం చెబితేనే తెలుస్తుంది. అందుకే రిపోర్టు రాగానే ఫోన్ దగ్గరికి కాదు, ముందు మంచం దగ్గరికి వెళ్లండి. పల్స్, బీపీ చూడండి, పలకరించండి. తర్వాత ఫైల్లో పాత రిపోర్టు తీయండి.

పొటాషియం 6.2 వచ్చిందనుకోండి, అంటే ఉండాల్సిన దానికంటే బాగా ఎక్కువ. నేనైతే ఇలా చెబుతాను: "డాక్టరు గారూ, రెండో అంతస్తులో ఉండే ఆవిడ, 84 ఏళ్లు. పొద్దున తీసిన రక్తంలో పొటాషియం 6.2, పోయిన నెల 4.6. క్రియాటినిన్ 1.3 నుంచి 2.1కి పెరిగింది. రామిప్రిల్, స్పైరోనోలాక్టోన్ వాడుతున్నారు. రెండు రోజులుగా విరేచనాలు, నీళ్లు సరిగా తాగట్లేదు. పల్స్ 48, మగతగా ఉన్నారు. మా దగ్గర ఈసీజీ లేదు. ఆస్పత్రికి పంపమంటారా?" క్రియాటినిన్ పెరగడం కిడ్నీల పని తగ్గిందనడానికి గుర్తు, ఆ రెండు మందులూ పొటాషియం పెంచేవే. ఇలా చెబితే డాక్టరు మళ్లీ అడగాల్సింది పెద్దగా ఉండదు.

రక్తం తీసేటప్పుడు కణాలు చితికితే పొటాషియం ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. శాంపిల్ హీమోలైజ్ అయిందా, అంటే కణాలు అలా చితికాయా అని ల్యాబ్‌ని అడగండి. కానీ మనిషి మగతగా ఉంటే ఆ జవాబు కోసం ఆగొద్దు.

రిపోర్టులో ఎర్ర గుర్తు ఉన్నంత మాత్రాన అర్ధరాత్రి ఫోన్ అక్కర్లేదు. ఏళ్ల తరబడి హీమోగ్లోబిన్ 10 దగ్గరే ఉన్నవాళ్లుంటారు, ఆ కబురు పొద్దున చెప్పినా చాలు. అదే 10 నుంచి 7.4కి పడి, విరేచనం నల్లగా అవుతుంటే వెంటనే లేపాల్సిందే. వార్ఫరిన్ (రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే మందు) వాడేవాళ్లకు ఐఎన్ఆర్ (రక్తం గడ్డకట్టడం ఎంత ఆలస్యమవుతోందో చెప్పే అంకె) సాధారణంగా 2-3 మధ్య ఉంచుతారు. 5 దాటితే రక్తం కారకపోయినా చెప్పండి. కొత్తగా కోట్రైమాక్సజోల్, మెట్రోనిడజోల్ లాంటి యాంటీబయాటిక్ మొదలుపెట్టి ఉంటే అదీ చెప్పండి, అవి ఐఎన్ఆర్‌ని పెంచుతాయి.

యూరిన్ కల్చర్ గురించి కాస్త గట్టిగానే చెబుతాను. ఏ బాధా లేకపోయినా పెద్దవాళ్ల మూత్రంలో బాక్టీరియా కనిపించడం మామూలే. జ్వరం, మంట ఉన్నాయో లేవో చెప్పకుండా "కల్చర్ పాజిటివ్" అని మాత్రమే అంటే అవసరం లేని యాంటీబయాటిక్ మొదలవుతుంది. దాంతో వచ్చే విరేచనాలు, నీరసం ఆ పెద్దవాళ్లే పడాలి.

ఆస్పత్రికి తీసుకెళ్లొద్దని ముందే రాసిచ్చినవాళ్లుంటారు. ఆ కాగితం ఉంటే ఫోన్లోనే చెప్పండి. డాక్టరు చెప్పిన ఆర్డరు మీరు తిరిగి చదివి వినిపించి, సరేననిపించుకుని, టైముతో సహా రాసుకోండి. రిపోర్టు వాట్సాప్‌లో పెట్టినంత మాత్రాన చెప్పినట్టు కాదు, ఆయన చూశారని తేలాలి. ఫోన్ ఎత్తకపోతే తర్వాత ఎవరికి చేయాలో ఇవాళే మీ ఇన్‌చార్జిని అడిగి నంబరు రాసిపెట్టుకోండి. మనిషి పరిస్థితి దిగజారుతుంటే, ఆ కాగితం అడ్డు లేకపోతే, ఎవరి ఫోన్ కోసమూ చూడకుండా అంబులెన్స్ పిలవండి.

డ్యూటీ మారేటప్పుడు ఇంకా రాని రిపోర్టులు ఏవో పేరుపేరునా చెప్పి వెళ్లండి. ఎక్కువగా జారిపోయేవి అవే.