రన్ అంటే పరుగొక్కటే కాదండీ

ఇంగ్లీషులో ‘హర్ నోస్ ఈజ్ రన్నింగ్’ అని చదివి, ముక్కు పరిగెత్తడమేంటని మీ పాప అడిగిందన్నారు కదా. నీళ్లలాంటివాటికి రన్ అంటే కారడం, పారడం. ముక్కైనా, కుళాయైనా అంతే. అక్కడ రన్‌కి పర్యాయపదం కావాలంటే ఫ్లో దగ్గరి మాట. రన్ చేసేది కొట్టో, బడో అయితే మేనేజ్, మిషన్ అయితే ఆపరేట్.

తమాషా ఏంటంటే, మనకు నడిచేవి చాలావరకు ఇంగ్లీషువాళ్లకు పరిగెడతాయి: బస్సు, వ్యాపారం, బడి. ఎన్నికల్లో మాత్రం మనం నిలబడతాం. బ్రిటన్‌వాళ్లు కూడా స్టాండ్ అంటారు, అమెరికావాళ్లేమో అక్కడా రన్నే!

రన్ వెనక ‘ఔట్ ఆఫ్’ వస్తే ఇంట్లో పాలు అయిపోయినట్టు. ‘ఇంటూ’ వస్తే బజార్లో అనుకోకుండా ఎవరో తగిలినట్టు. పర్యాయపదాల పట్టిక బట్టీ పట్టించకండి, అనవసరంగా టెన్షన్. రన్‌కి ముందూ వెనకా ఏ మాట ఉందో చూడమనండి.