ఏటా ఏడు లక్షలు వస్తే ఉన్నోళ్లమేనా?

ప్రశ్న: మా ఆయనది ప్రైవేటు ఉద్యోగం, నెలకు రూ.62,000 చేతికి వస్తుంది. ఇంటి లోను కిస్తుకు 18,000, నూటికి రెండు రూపాయల మిత్తికి తెచ్చిన 3 లక్షలకు 6,000, చిట్టీకి 5,000, ఊళ్లో ఉన్న అత్తమామల మందులకు 4,000 పోతాయి. ఇద్దరు పిల్లల బడి ఫీజు ఏడాదికి 96,000. చుట్టాలు మమ్మల్ని ఉన్నోళ్లంటూ అప్పు అడుగుతారు. మాకేమో ఇరవయ్యో తారీఖు దాటితే కటకటే. అసలు ఎంత వస్తే ధనికులు?
– ఒక సోదరి, నల్లగొండ

జవాబు: అమ్మా, ప్రభుత్వానికి కూడా దీనికి ఒకే గీత లేదు. మన రాష్ట్రంలో పట్టణ కుటుంబానికి రేషన్ కార్డు ఆదాయ పరిమితి ఏటా 2 లక్షలు, అగ్రవర్ణ పేదల రిజర్వేషన్‌కు 8 లక్షలు. 2025-26 నుంచి కొత్త విధానంలో 12 లక్షల వరకు జీతంపై ఆదాయపు పన్ను పడదు. పన్ను మీద వేసే అదనపు పన్ను, అంటే సర్‌ఛార్జి, 50 లక్షలు దాటినవారికే. మీ 7,44,000 మొదటి గీతకు చాలా పైన, మిగతావాటికి కింద ఉంది. జీతం ఆగిపోతే ఇల్లు ఎన్ని నెలలు గడుస్తుందన్నదే నేను నమ్మే కొలత, ఆ లెక్కన మీరు ధనికులు కారు.

కిస్తులు, మిత్తి, చిట్టీ, మందులు పోగా మిగిలే 29,000 అంతా ఇంటి ఖర్చుకేనని మీరు అనుకుంటున్నట్టుంది, కానీ ఫీజును పన్నెండు నెలలకు పంచితే నెలకు 8,000 అవుతుంది కాబట్టి పాలు, బియ్యం, గ్యాస్, కరెంటు అన్నీ 21,000లోనే సర్దుకోవాలి. ఆ 8,000 జీతం పడిన రోజే వేరే ఖాతాలో వేయకపోతే, బడి తెరిచే జూన్‌లో మళ్లీ మిత్తికి తేవలసి వస్తుంది.

నూటికి రెండు రూపాయలంటే ఏడాదికి 24 శాతం. ఇంటి లోను కంటే ముందు తీరవలసింది అదే. మీది ఇరవై నెలల లక్ష రూపాయల చిట్టీ అయి, పద్నాలుగు వాయిదాలు కట్టి ఉంటే, వచ్చే పాటలో ఎత్తుకోవడానికి, చివరిదాకా ఆగడానికి మధ్య అయిదు నెలల తేడా ఉంటుంది. లక్షకు నెలకు 2,000 చొప్పున ఆ అయిదు నెలల మిత్తి 10,000. పాటలో వదులుకునేది అంతకంటే బాగా తక్కువైతే చిట్టీ ఎత్తి, చేతికి వచ్చినంతా అప్పుకు కట్టి, ఆ జమను అప్పు నోటు వెనక రాయించండి. తగ్గిన మిత్తిని కూడా అసలుకే జమ చేస్తూ పోండి.

ఆ నోటు తీరేదాకా ఎవరికీ అప్పు ఇవ్వలేమని, ఈ లెక్క చూపించి, అత్తమామల ముందే చుట్టాలకు చెప్పండి. పెద్దవాళ్ల మందుల 4,000 మాత్రం తగ్గించకండి.