5 ఎంఎల్ పిపెట్ పగిలితే కంట్రోల్‌లో నీళ్లు దేనితో కలపాలి?

బయోకెమిస్ట్రీ కంట్రోల్ (మెషిన్ సరిగ్గా చూపిస్తోందో లేదో చూసుకునే, విలువ ముందే తెలిసిన శాంపిల్) పొడిలో నీళ్లు కొలిచి పోసే 5 ఎంఎల్ గాజు పిపెట్ పగిలింది, కొత్తది వచ్చేదాకా సిరంజితో సరిపెట్టుకోవచ్చా అని అడిగారు. వద్దండి. నేను సరిపెట్టుకుని దెబ్బ తిన్నాను.

మాది ఇద్దరు టెక్నీషియన్లున్న చిన్న ల్యాబ్. సింకులో కడుగుతుంటే పిపెట్ మొన విరిగింది. ఆ రోజే కొత్త క్యాలిబ్రేటర్ (మెషిన్‌కు కొలత నేర్పేది, అదీ పొడే), కొత్త కంట్రోల్ రెండూ తెరవాలి. డిస్పోజబుల్ సిరంజితో డిస్టిల్డ్ వాటర్ కొలిచి రెండింట్లోనూ పోశాను. కంట్రోల్ రేంజ్ మధ్యలో చక్కగా వచ్చింది. ఇంకేం, శాంపిల్స్ పెట్టేశాను.

మర్నాడు ఫ్రీజర్‌లో పాత పిపెట్‌తో కలిపిన కంట్రోల్ మిగిలుంటే ఎందుకో రన్ చేశాను. గ్లూకోజ్, యూరియా, కొలెస్ట్రాల్ అన్నీ నాలుగు శాతం దాకా తక్కువ! ఒక్క టెస్టే అయితే రీజెంట్ పాడైందనుకునేవాణ్ణి. పక్క వీధి బంగారం కొట్టుకెళ్లి, వాళ్ల కాటా మీద చిన్న గ్లాసు పెట్టి సిరంజి నీళ్లు తూచాను. మన గది వేడిలో 5 ఎంఎల్ నీళ్లు 4.98 గ్రాముల దగ్గర తూగాలి. 4.78 చూపించింది.

నీళ్లు తగ్గితే క్యాలిబ్రేటర్ చిక్కబడుతుంది. మెషిన్ మాత్రం లేబుల్ విలువనే నమ్మి ఫ్యాక్టర్ (రిజల్ట్ లెక్కకు గుణించే అంకె) తగ్గించేస్తుంది, పేషెంట్ రిజల్టూ తగ్గుతుంది. కంట్రోల్ కూడా అదే సిరంజితో అంతే చిక్కగా కలిపాను కాబట్టి తప్పుకు తప్పు చెల్లిపోయి అంతా బాగున్నట్టే కనిపించింది. బార్డర్‌లో ఉన్న షుగర్ రిపోర్టులన్నీ మళ్లీ చేసి, ఫోన్లు చేసి చెప్పుకున్నాను.

కొనేటప్పుడు మధ్యలో ఉబ్బు, పైన ఒకే గీత ఉన్న క్లాస్ ఏ (ఎక్కువ కచ్చితత్వం ఉన్న రకం) పిపెట్ అడగండి. దాని తేడా 0.02 ఎంఎల్ కూడా దాటదు. గీతలున్న సన్న పిపెట్ చవకే గానీ ఈ పనికి వద్దు. క్లాస్ ఏ పిపెట్ వచ్చేదాకా 1000 మైక్రోలీటర్ల (1 ఎంఎల్) మైక్రోపిపెట్‌తో ఐదుసార్లు పోయండి, ముందు ఒకసారి తూచి చూసుకుని. క్లాస్ ఏ పిపెట్ మొనలో మిగిలే ఆఖరి చుక్కను ఊదకండి, దాన్ని వదిలేసే లెక్క కట్టి ఉంటారు.

ఇప్పుడు మా సింకులో అడుగున పాత రబ్బరు మ్యాట్ పరిచాం.