వైజాగ్ టూర్‌కి లక్ష లోన్ తీసుకోవచ్చా?

ప్రశ్న: మాది వరంగల్. ప్రైవేటు ఉద్యోగం, నెలకు చేతికి 56,000 వస్తుంది. ఇంటి ఖర్చు 38,000, బండి, ఫ్రిజ్ ఈఎంఐలు కలిపి 7,800. బ్యాంకులో 41,000 ఉన్నాయి. పిల్లలకు తొమ్మిదేళ్లు, ఐదేళ్లు. ఇంతవరకు సముద్రం చూడలేదు. అమ్మకు 63 ఏళ్లు, షుగర్ ఉంది. సంక్రాంతి సెలవుల్లో ఐదుగురం వైజాగ్ వెళ్లి బీచ్ పక్కనే రిసార్టులో మూడు రాత్రులు ఉందామనుకుంటున్నాం. రెండు గదులకు 54,000 అన్నారు. రానూపోనూ చార్జీలు, కారు, తిండి, టికెట్లు కలుపుకుంటే లక్ష అవుతుంది. ఒక యాప్‌లో లక్ష లోన్ రెడీగా ఉంది. 24 శాతం వడ్డీ, 24 నెలలు, నెలకు 5,287. మార్చిలో 40,000 బోనస్ వస్తుంది. తీసుకోవచ్చా? పిల్లలతో ఏమేం చూడొచ్చో కూడా చెప్పండి.

జవాబు: తీసుకోవద్దు. పిల్లలకు సముద్రం చూపించాలన్న మీ కోరికను మాత్రం వదులుకోవద్దు. మీరు ఈ రెండింటినీ కలిపేశారు. ఇలాంటి ఉత్తరాలు సెలవులకు ముందు చాలా వస్తుంటాయి, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు లెక్క చూడండి. 5,287 చొప్పున 24 నెలలు కడితే 1,26,888 అవుతుంది. ఇలాంటి యాప్‌లు ప్రాసెసింగ్ ఫీజును ముందే కోసుకుంటాయి. అది 3 శాతం అనుకుంటే జీఎస్టీతో కలిపి 3,540 పోయి మీ ఖాతాలో పడేది 96,460. అంటే మూడు రాత్రుల ప్రయాణానికి వడ్డీ, ఫీజు కలిపి 30,000 పైన కడతారు. పిల్లల కాళ్లకు అంటిన ఇసుక రెండు రోజుల్లో వదిలిపోతుంది, ఈఎంఐ మాత్రం ఇంకో రెండు సంక్రాంతుల దాకా వదలదు. టీవీకో ఫ్రిజ్‌కో అప్పు చేస్తే కనీసం ఆ వస్తువు ఇంట్లో ఉంటుంది. తిరిగొచ్చేసిన ప్రయాణానికి కిస్తీ కట్టడం ఎంత విసుగ్గా ఉంటుందో కట్టేవాళ్లను అడగండి.

నన్ను అసలు కంగారు పెట్టింది లోన్ కంటే మీరు మామూలుగా రాసేసిన ఆ 41,000. ఇంటి ఖర్చు, ఈఎంఐలు కలిపితే మీకు నెలకు 45,800 కావాలి. అంటే ఒక్క జీతం ఆగితే మీ దగ్గరున్నది ఒక నెలకు కూడా చాలదు. ఇప్పుడు నెలకు 10,200 మిగులుతోంది. ఈ లోన్ తీసుకుంటే అది 4,913కి పడిపోతుంది. ఇద్దరు చిన్నపిల్లలు, షుగర్ ఉన్న అమ్మగారు ఉన్న ఇల్లు రెండేళ్లపాటు నెలకు ఐదు వేల కంటే తక్కువ వెసులుబాటుతో నడవాలి. ఇది నాకు అస్సలు నచ్చడం లేదు.

నా దగ్గరికి వచ్చే ఒక కుటుంబానికి జరిగింది చెబుతాను. బీచ్‌లో ఆడుకుంటూ వాళ్ల అబ్బాయి నాచు పట్టిన రాయి మీద జారిపడ్డాడు. మోచేయి దగ్గర ఎముక విరిగింది. ఆసుపత్రిలో ఇన్సూరెన్స్ కార్డు చూపిస్తే అప్రూవల్ వచ్చేదాకా డిపాజిట్ కట్టమన్నారు. క్రెడిట్ కార్డు లిమిట్ హోటల్ గదికే అయిపోయింది. రాత్రి పదింటికి ఆ తండ్రి కౌంటర్ దగ్గర నిలబడి ఒక్కొక్కరికీ ఫోన్ చేస్తున్నాడు. బాబు ప్యాంటు మీద ఇసుక అలాగే ఉంది. చివరికి బావమరిది 30,000 పంపాడు. పాలసీ ఉంది, ఉద్యోగం ఉంది, లేనిదల్లా ఆ గంటకు చేతికందే డబ్బు. ఎమర్జెన్సీ ఫండ్ అని నేను పదేపదే పోరేది దీని కోసమే. ఊరు కాని ఊరు వెళ్లేటప్పుడు దాని అవసరం ఇంకా ఎక్కువ.

మీకు ఆరు నెలల ఖర్చు అంటే సుమారు 2,75,000 కావాలి. అది వెంటనే సమకూరదని నాకూ తెలుసు. ఈ నెల నుంచే మిగిలే 10,200లో 6,200 ఎమర్జెన్సీకి, 4,000 వైజాగ్‌కి వేరు చేయండి. రెండూ ఒకే ఖాతాలో ఉంచకండి, కలిస్తే ఖర్చయిపోతాయి. 11 నెలలకు టూర్ డబ్బు 44,000 అవుతుంది. ఎమర్జెన్సీ డబ్బు ఇప్పుడున్న 41,000తో కలిపి 1,09,200 అవుతుంది. మార్చి బోనస్‌లో అమ్మగారి హెల్త్ పాలసీ ప్రీమియం కట్టగా మిగిలింది కూడా అందులోనే వేయండి. అప్పుడు దాదాపు రెండున్నర నెలల ఖర్చు చేతిలో పెట్టుకుని బయల్దేరతారు. తిరిగొచ్చాక టూర్‌కి దాచే 4,000 కూడా ఇటే మళ్లించండి.

అమ్మగారి పాలసీ గురించి ఒక్క మాట. మీ కంపెనీ ఇన్సూరెన్స్‌లో ఆవిడ ఉన్నారో లేదో రాయలేదు. ఉన్నా సరే, ఆ ఉద్యోగం పోతే అదీ పోతుంది. అందుకే ఆవిడకు విడిగా ఒకటి తీసుకోండి. దరఖాస్తులో షుగర్ సంగతి దాచకుండా రాయండి. ముందునుంచి ఉన్న జబ్బులకు మూడేళ్ల దాకా వెయిటింగ్ ఉండొచ్చు, అప్పటిదాకా వాటికి క్లెయిమ్ రాదు కాబట్టి ఎంత త్వరగా మొదలుపెడితే అంత మంచిది. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత హెల్త్ పాలసీల మీద జీఎస్టీ కూడా లేదు.

బంగారం తాకట్టు పెడితే వడ్డీ తక్కువే, కానీ విహారానికి బంగారం బయటికి తీయకండి. క్రెడిట్ కార్డు మీద తీసుకుని మినిమమ్ కట్టుకుంటూ పోదామనే ఆలోచన యాప్ లోన్ కంటే ఘోరం. నో కాస్ట్ ఈఎంఐ ఇస్తామని రిసార్టు వాళ్లు అంటే, మొత్తం ఒకేసారి కడితే ఎంత తగ్గిస్తారో అడగండి, ఆ తేడాయే మీరు కట్టే వడ్డీ.

44,000తో వైజాగ్ అవుతుందా అంటారేమో. అవుతుంది. మీ లక్షలో సగానికి పైగా రిసార్టుకే పోతోంది. పిల్లలు పగలంతా బయటే ఉంటారు, గదికి వచ్చేది పడుకోవడానికే. సముద్రానికి టికెట్ లేదు. ఆర్‌కే బీచ్‌కి దగ్గర్లో శుభ్రంగా ఉండే మామూలు హోటల్ చూసుకోండి. సాయంత్రాలు బీచ్ రోడ్డు మీద నడుచుకుంటూ గడిచిపోతాయి, కారు ఖర్చు కూడా తగ్గుతుంది.

పిల్లలకు ముందు చూపించాల్సింది ఆ బీచ్‌లోనే ఉన్న ఐఎన్ఎస్ కుర్సురా. 1969లో నౌకాదళంలో చేరి, 1971 యుద్ధంలో పాల్గొని, 2001లో రిటైరైన నిజమైన సబ్‌మెరైన్ అది. 2002 నుంచి మ్యూజియంగా ఉంది. 91 మీటర్ల పొడవున ఇసుక మీద నిలబడి ఉంటుంది. లోపలికి వెళ్తే ఒక గదిలోంచి ఇంకో గదిలోకి గుండ్రటి చిన్న ద్వారం గుండా వంగి, కాలెత్తి దాటాలి. పెద్దవాళ్లం తల తగలకుండా జాగ్రత్తపడుతుంటే పిల్లలు ఇట్టే దూరిపోతారు. ఒకదాని మీద ఒకటి బిగించిన ఇరుకు పడకలు, టార్పెడోలు, గోడ నిండా పైపులూ మీటర్లూ ఉంటాయి. నౌకాదళంలో పనిచేసి రిటైరైనవాళ్లే దగ్గరుండి చెబుతారు. మీ పెద్దబ్బాయో అమ్మాయో అడిగే ప్రశ్నలకు అక్కడ సమాధానం దొరుకుతుంది. అమ్మగారికి మోకాళ్ల నొప్పులుంటే ఆ ద్వారాలు దాటడం కష్టం, ఆవిడను బయట బెంచీ మీద కూర్చోబెట్టి ఒకరు తోడుండండి. రోడ్డు దాటితే టీయూ-142 యుద్ధవిమానం మ్యూజియం. ఈ రెండింటికీ ఒక సాయంత్రం సరిపోతుంది.

రుషికొండ బీచ్‌కి 2020లో బ్లూ ఫ్లాగ్ (శుభ్రమైన, సురక్షితమైన బీచ్‌లకు ఇచ్చే అంతర్జాతీయ గుర్తింపు) వచ్చింది, ఇసుకలో ఆడుకోవడానికి బాగుంటుంది. ఆర్‌కే బీచ్‌లో మాత్రం పిల్లల్ని నీళ్లలోకి దింపకండి. అక్కడ అలల లాగుడు ఎక్కువ. పాదాలు తడిస్తే చాలు. జూపార్క్‌కి ఒక పూట, కైలాసగిరికి ఒక సాయంత్రం పెట్టుకోండి. అమ్మగారికి సింహాచలం దర్శనం ఎలాగూ ఉంటుంది.

నా మాట వింటే బొర్రా గుహలకు కారు మాట్లాడుకోకండి. వైజాగ్ నుంచి పొద్దున్నే కిరండూల్ వైపు వెళ్లే రైలెక్కండి. సొరంగం రాగానే బోగీ అంతా చీకటైపోతుంది, పిల్లలు ఒకటే కేకలు. వెలుతురు రాగానే కిటికీ పక్కన లోయ. మళ్లీ సొరంగం. గుహలో మెట్లు చాలా ఉంటాయి, అమ్మగారు ఎక్కడిదాకా రాగలిగితే అక్కడిదాకా చాలు. మూడు రోజుల్లో ఇది కుదరకపోతే వదిలేయండి, హడావిడిగా చూసే చోటు కాదు.

ఎప్పుడు వెళ్లాలి అంటే, వచ్చే డిసెంబరులో క్రిస్మస్ సెలవుల రద్దీ మొదలవకముందే. రెండో శనివారం చూసుకుని శుక్రవారం సెలవు పెట్టండి. సోమవారం పెట్టుకోకండి, ఆ రోజు సబ్‌మెరైన్, జూ రెండూ మూసి ఉంటాయి. గురువారం రాత్రి వరంగల్‌లో గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే పొద్దునకు వైజాగ్‌లో దిగుతారు. దసరాకి వెళ్దామనుకుంటారేమో, అక్టోబరు, నవంబరు ఆ తీరానికి తుపాన్ల కాలం. 2014లో హుద్‌హుద్ వైజాగ్‌ని తాకింది అక్టోబరు 12నే.

రైలు రిజర్వేషన్ 60 రోజుల ముందు తెరుస్తారు. ఆ తేదీ ఇప్పుడే క్యాలెండర్‌లో రాసిపెట్టుకోండి. బుక్ చేసేటప్పుడు ప్రయాణ ఇన్సూరెన్స్ టిక్ పెట్టడం మర్చిపోకండి, ఒక్కొక్కరికి రూపాయి కూడా కాదు. పిల్లలకు నిజం చెప్పండి, వచ్చే డిసెంబరులో వెళ్తున్నామని. సబ్‌మెరైన్ బొమ్మ గీసి గోడకు అంటించమనండి. నెలనెలా వేసే 4,000ను మీ పెద్దబిడ్డచేత ఆ బొమ్మ పక్కనే రాయించండి. యాప్‌ని ఈ రాత్రికే ఫోన్‌లోంచి తీసేయండి. కేవైసీ (ఆధార్, పాన్ లాంటి వివరాలు) ఇచ్చి ఉంటే, ముందు కస్టమర్ కేర్‌కి మెయిల్ పెట్టి మీ పేరు మీద లోన్ ఏదీ లేదని రాతపూర్వకంగా తెప్పించుకోండి.