బరువు కాదు, వ్యాసార్థం చెప్పండి

ప్రశ్న: మా రీవైండర్ (కాగితాన్ని రోల్‌గా చుట్టే యంత్రం)లో 1200 కిలోల కాగితం రోల్ చుడతాం. నిండు రోల్ వ్యాసం 1.2 మీటర్లు, కాగితం చుట్టే మధ్య గొట్టం (కోర్) వ్యాసం 76 మిల్లీమీటర్లు, వేగం నిమిషానికి 60 మీటర్లు, టెన్షన్ (కాగితాన్ని లాగే బలం) 500 న్యూటన్లు. ఎంత గేర్‌బాక్స్ కావాలి సార్?

జవాబు: 500ని నిండు రోల్ వ్యాసార్థం 0.6తో గుణించండి: 300 న్యూటన్ మీటర్ల టార్క్ (తిప్పే బలం). ఆగిన నిండు రోల్ 5 సెకన్లలో వేగం అందుకోవాలంటే మరో 72. మొత్తానికి 1.5 సర్వీస్ ఫ్యాక్టర్ (భద్రత కోసం వేసే గుణకం) వేస్తే 560 దాకా వస్తుంది, గేర్‌బాక్స్ అంత టార్క్ మోయాలి.

రేషియో (గేర్‌బాక్స్ మోటారు వేగాన్ని ఎన్ని రెట్లు తగ్గిస్తుందో) మాత్రం ఖాళీ కోర్‌తో కట్టాలి. నిండు రోల్ 16 ఆర్‌పీఎం (నిమిషానికి 16 చుట్లు) తిరిగితే కోర్ 250 తిరుగుతుంది. అందుకే 1440 ఆర్‌పీఎం మోటారుకి రేషియో 5. ఇంత చిన్న రేషియోతో నిండు రోల్ టార్క్ అందాలి కాబట్టి మోటారు 11 కిలోవాట్లు, వీఎఫ్‌డీ (మోటారు వేగాన్ని మార్చే పరికరం) తప్పదు. అర కిలోవాట్ పనికి ఇంత మోటారా అని ఓనరు గొణుగుతాడు, గొణగనివ్వండి. నిండు రోల్ 16 తిరిగేటప్పుడు మోటారు తిరిగేది 80 ఆర్‌పీఎమ్మే, అక్కడ దాని సొంత ఫ్యాన్ చాలదు, విడిగా ఇంకోటి పెట్టించండి. రోల్ బరువు బేరింగ్ బ్లాకుల మీదే ఉండాలి, గేర్‌బాక్స్ షాఫ్ట్ మీద వేలాడకూడదు.