హోటల్ చవకని మేలో ఢిల్లీ, దానికి రెండేళ్ల ఈఎంఐ

ప్రశ్న: మాది వరంగల్. ప్రైవేటు ఉద్యోగం, నెలకు చేతికి 66,000 వస్తుంది. ఇంటి ఖర్చు 48,000. నెలకు పది వేల చొప్పున 20 నెలల చీటీ (2 లక్షలు) కడుతున్నాను, ఈ ఏప్రిల్‌తో 8 నెలలు అయ్యాయి. బ్యాంకులో 40,000 ఉంది. పిల్లలు 7, 4 తరగతులు. నాన్నకి 67, బీపీ, షుగర్ ఉన్నాయి. అమ్మకి 62. కంపెనీ ఇన్సూరెన్స్‌లో వాళ్లిద్దరూ లేరు. మే చివర్లో అందరం ఢిల్లీ, ఆగ్రా, జైపూర్ వెళ్లాలని ఉంది. ఎండాకాలం కాబట్టి హోటళ్లు మొత్తం మీద 18,000 తక్కువకి వస్తున్నాయి. ఖర్చు లక్షన్నర. ఒక యాప్ 16 శాతం వడ్డీకి రెండేళ్ల లోన్ ఐదు నిమిషాల్లో ఇస్తానంటోంది. ఈఎంఐ 7,500 దాకా కట్టగలను. లోన్ తీసుకోనా, 40,000 వదులుకుని చీటీ పాడుకోనా? అసలు మే మంచిదా, చలికాలం మంచిదా?

జవాబు: ఇలాంటి ఉత్తరాలు ఏటా మార్చి, ఏప్రిల్ నెలల్లో నాకు చాలా వస్తాయి. ఊరి పేరు మారుతుంది, అంతే. ఆఫ్ సీజన్‌లో చవక అని అప్పు చేసి బయల్దేరడం అన్నింట్లోనూ ఉండేదే. ముందు ఆ చవక ఎంతో చూద్దాం.

లక్షన్నర మీద 16 శాతం వడ్డీ, 24 నెలలు. ఈఎంఐ దాదాపు 7,345. మొత్తం కట్టేది 1,76,000 పైనే. ప్రాసెసింగ్ ఫీజు 2 శాతం, దాని మీద జీఎస్టీ కలిపితే ఇంకో 3,540. అంటే అప్పు తెచ్చుకున్నందుకే దాదాపు 29,800 పోతోంది. హోటల్లో మిగిలేది 18,000. ఐదు నిమిషాల్లో చేతికొచ్చిన డబ్బు, తీరడానికి రెండేళ్లు పడుతుంది. ఈలోగా ఉద్యోగానికి ఏమైనా అయితే మీ దగ్గరున్న 40,000 నెల రోజులకు కూడా రాదు. మీ ప్రశ్నలో నాకు అన్నిటికన్నా టెన్షన్ పెట్టింది ఈ 40,000. మీరేమో దాన్ని మధ్యలో మామూలుగా రాసేశారు.

చీటీ పాడుకోవడం కూడా అప్పే. చేతికి 1,60,000 వస్తుంది, మిగతా 12 నెలలూ పది వేలు కడుతూనే ఉండాలి. అవసరం మీద పాడుకుంటారు గానీ, విహారయాత్ర కోసం 40,000 వదులుకుంటారా? గోల్డ్ లోన్ వడ్డీ తక్కువే, కానీ దీనికి అదీ వద్దు. క్రెడిట్ కార్డు సంగతి మీరు అడగలేదు, సంతోషం.

ఇక కాలం సంగతి. దీన్ని కూడా డబ్బు ప్రశ్నగానే చూస్తాను. మే నెలాఖరు ఢిల్లీలో ఏడాది మొత్తంలో అత్యంత వేడిగా ఉండే రోజుల్లో పడుతుంది. 2024 మే 29న ఢిల్లీ శివారు ముంగేష్‌పూర్‌లో 52.9 డిగ్రీలు అని వార్తలొచ్చాయి. అక్కడి సెన్సర్ 3 డిగ్రీలు ఎక్కువ చూపించిందని తర్వాత తేలింది. సరే, దాన్ని పక్కన పెట్టండి. అదే రోజు ఢిల్లీ ప్రధాన వాతావరణ కేంద్రం సఫ్దర్‌జంగ్‌లో 46.8. ఆ ఎండలో ఎర్రకోట చూడాలి. లాహోరీ గేటు లోపల ఛత్తా చౌక్ బజారు దాటాక దివానే ఖాస్ దాకా నడక చాలావరకు ఎండలోనే. పదకొండు దాటితే పెద్దవాళ్లు, పిల్లలు రూముకు తిరిగొచ్చేస్తారు. చవకగా దొరికిన రూములో ఏసీ కింద సాయంత్రం దాకా పడుకుని, రోజంతా మాట్లాడుకున్న క్యాబ్‌కి మాత్రం పూర్తి డబ్బులిస్తారు.

కొన్నేళ్ల కిందట నేనూ ఇదే తప్పు చేశాను. మా అమ్మని మే నెలలో తీసుకెళ్లాను. జామా మసీదు దగ్గర చెప్పులు విప్పి లోపలికి అడుగుపెడితే రాయి పెనంలా కాలింది. మర్నాడు కుతుబ్ మీనార్ దగ్గర ఆవిడ కళ్లు తిరిగి పడిపోయింది. ప్రైవేటు ఆస్పత్రిలో చేర్చుకునే ముందే 40,000 అడ్వాన్స్ అడిగారు. అప్పటికి నా దగ్గర అత్యవసర నిధి ఉంది కాబట్టి కట్టేశాను. మీ నాన్నగారికి బీపీ, షుగర్. పాలసీ లేదు. మీ బ్యాంకులో ఉన్నది కూడా సరిగ్గా అంతే, అప్పటికి అది కూడా టికెట్లకి వాడేసి ఉంటారేమో. ఇప్పుడు పాలసీ తీసుకున్నా మొదటి 30 రోజులు ప్రమాదాలకు తప్ప వర్తించదు, ముందునుంచీ ఉన్న జబ్బులకైతే మూడేళ్ల దాకా ఆగాలి. అందుకే ప్రయాణం ఎప్పుడైనా సరే, పాలసీ మాత్రం ఈ నెలే మొదలుపెట్టండి. 65 ఏళ్లు దాటితే కొత్త పాలసీ ఇవ్వరన్న పరిమితిని బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2024లోనే తీసేసింది. 2025 సెప్టెంబరు 22 నుంచి ప్రీమియం మీద జీఎస్టీ కూడా లేదు. షుగర్ ఉందని ఫారంలో రాయండి. ఏజెంటు వద్దన్నా రాయండి. ఏటా ప్రీమియం బోనస్‌లోంచో, మరోచోటి నుంచో తీయాలి, కానీ అత్యవసర నిధిని తాకొద్దు.

మిగతా కాలాలు చూద్దాం. జూన్ చివర్లో వానలు మొదలవుతాయి. 2024 జూన్ 28న ఒక్క రోజులో 228 మిల్లీమీటర్లు కురిసి నగరం నీళ్లలో మునిగింది. నవంబరులో పొగ. డిసెంబరు చివర, జనవరిలో పొగమంచు, రైళ్లు గంటల తరబడి ఆలస్యం. కాబట్టి సంక్రాంతి సెలవులు వద్దు. ఫిబ్రవరి, మార్చి మొదటి సగం అన్నిటికన్నా బాగుంటుంది. రాష్ట్రపతి భవన్‌లోని అమృత్ ఉద్యాన్ కూడా సాధారణంగా ఆ రోజుల్లోనే తెరుస్తారు. కానీ అప్పుడు పిల్లలకి పరీక్షలు దగ్గరపడతాయి. మీకు సరిపోయేది దసరా సెలవులు. వానలు సెప్టెంబరు చివరికి వెనక్కి వెళ్లిపోతాయి, పొగ ముదిరేది దీపావళి చుట్టుపక్కల. మధ్యలో దొరికే ఆ రెండు మూడు వారాల్లో పగలు కాస్త వేడిగా ఉన్నా తిరగొచ్చు. దసరా అక్టోబరు చివర్లో పడే ఏడాది మాత్రం సెలవులు మొదలైన రోజునే బయల్దేరండి.

ఈ దసరాకి కాదు, వచ్చే ఏడాది దసరాకి. ఈఎంఐకి కట్టగలనన్న 7,500 మే నుంచి మీకే కట్టుకోండి, విడి ఖాతాలో. వచ్చే సెప్టెంబరుకి 17 నెలలు, 1,27,500. ఉన్న 40,000 కలిపితే 1,67,500, మీ ఇంటికి మూడున్నర నెలల ఖర్చు. చీటీ వచ్చే ఏప్రిల్‌లో పూర్తవుతుంది, పాడకుండా చివరిదాకా ఉంచండి (రిజిస్టరైన కంపెనీదే కదా?). అందులో లక్ష అత్యవసర నిధికి పోతే అది 2,67,500 అవుతుంది. కమీషన్ పోను మిగిలిన దాదాపు లక్ష ప్రయాణానికి.

లక్షలో అవుతుందా అంటే అవుతుంది. మీరు రాసిన లక్షన్నరలో ఎక్కువ భాగం ఆరుగురి విమానం టికెట్లే అయి ఉంటాయి. కాజీపేటలో తెలంగాణ ఎక్స్‌ప్రెస్ థర్డ్ ఏసీ ఎక్కితే ఆ ఖర్చు బాగా తగ్గుతుంది. బుకింగ్ ఇప్పుడు 60 రోజుల ముందే తెరుస్తున్నారు, దసరా రద్దీ కాబట్టి మొదటి రోజే చేయండి. పెద్దవాళ్లకి రైల్వే రాయితీ 2020లో ఆగిపోయింది, దాన్ని లెక్కలో వేసుకోవద్దు. జైపూర్ తీసేయండి, ఢిల్లీ, ఆగ్రా చాలు. తాజ్‌మహల్‌కి శుక్రవారం సెలవు, ఎర్రకోటకి సోమవారం. అంతకన్నా ముందు, ఆ యాప్‌ని ఫోన్‌లోంచి తీసేయండి.